కాదన్న తర్వాత వచ్చే రోజుల గురించి

బాబూ,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. రాని సరుకుకు వచ్చినట్టు బిల్లు పాస్ చేయమన్నారని, సోమవారం వెళ్లి సంతకం పెట్టనని చెప్పేస్తావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మన ఇంటి పిల్లవాడు దేవుడికి భయపడి నడుస్తున్నాడంటే నాకు అంతకన్నా ఏం కావాలి? అయినా భయం వేసింది. నువ్వు కాదనలేవని కాదు. కాదన్నాక వచ్చే నెలలు ఎలా ఉంటాయో చూసినదాన్ని, అందుకు.

నీకు తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ప్రార్థన చేసుకుని వెళ్లు. మీ పాస్టరు గారికి ఓ మాట చెప్పి ఉంచు. నోటితో చెప్పి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టు. వాళ్లు పొమ్మనకముందే రాజీనామా కాగితం పట్టుకెళ్లకు. తప్పుడు పని మానమన్నాడు గానీ, పనే మానమని దేవుడు నీకు చెప్పలేదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆవిడది అవిశ్వాసం కాదు, దిగులు. ఆవిడ మీద విసుక్కోకు.

గొంతు కూడా పెంచకు. నీకు కోపం ముక్కు మీద ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే. రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని దానియేలు గట్టిగా నిశ్చయించుకున్నాడు, అయినా పళ్లెం విసిరికొట్టలేదు. అధికారిని వినయంగా అడిగాడు, పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. మీ ఆఫీసరుగారి నెత్తిన ఎవరు కూర్చున్నారో నీకు తెలియదు. నలుగురి ముందు ఆయన్ని దొంగను చేయకు. గదిలోకి వెళ్లి, ఒక్కడివే చెప్పు.

ఇక నా అసలు భయం సంగతి.

మీ పెదనాన్నగారిని నువ్వు సంఘ పెద్దగానే చూశావు. అంతకుముందు జరిగింది ఆయనే సాక్ష్యంలో చెప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను. ఆయన ముందుకూ ఇలాంటి బిల్లే వచ్చింది. చేయనన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మోకరించి పాటలు పాడారు. సంఘమంతా మెచ్చుకుంది. కొద్ది రోజులకే ఆయన్ని పని లేని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంక్రిమెంటు ఆపేశారు. మెడికల్ బిల్లు పెడితే ఏదో ఒక కొర్రీ వేసి తిప్పి పంపేవారు. మెచ్చుకున్నవాళ్లు మెల్లగా అడగడం మానేశారు. పిల్లల ఫీజులు మీద పడ్డాయి. రాత్రిళ్లు మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది.

అప్పుడొచ్చాడు ఒకాయన, చాలా మంచిగా. "ఆ పాత బిల్లు మాట వదిలేయండి, మిమ్మల్ని ఎవరూ దానిమీద సంతకం అడగరు. ఈ ఒక్క కాగితం మీద వెనకటి తేదీ వేయండి చాలు, మీ బకాయిలన్నీ కదులుతాయి" అన్నాడు. డబ్బు తినడం కాదుగా, తేదీయేగా అనుకున్నారు మీ పెదనాన్న. వేశారు. బకాయిలు వచ్చాయి. అందులోంచి దశమభాగం కన్నా ఎక్కువే తీసి కానుక కవరులో పెట్టారు. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి ఆయన ముందుకు వచ్చింది. చెయ్యి జేబులోకి వెళ్లింది, కవరు పట్టుకుంది, బయటికి రాలేదు. సంచి పక్కవాళ్లకు వెళ్లిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చాక చెప్పి ఏడ్చారు. తర్వాత ఆ తేదీ సంగతి పై అధికారికి తనే రాసిచ్చారు, డబ్బు తిరిగి కట్టారు. మొదటిసారి కాదన్నప్పుడు పడ్డ కష్టం దీని ముందు ఏపాటిది!

సౌలు రాజు కథ ఆ తర్వాతే నాకు గుండెల్లోకి దిగింది. గిల్గాలులో ఏడు రోజులు ఆగమన్నాడు ప్రవక్త సమూయేలు, తనే వచ్చి బలి అర్పిస్తానన్నాడు. సౌలు ఆగాడు, ఆ సంగతి మనం మరిచిపోతాం. ఎదురుగా ఫిలిష్తీయులు ఇసుక రేణువులంత మంది. తన జనమేమో ఒక్కొక్కరే జారుకుంటున్నారు, చివరికి లెక్కపెడితే మిగిలింది 600 మంది. సమూయేలు జాడ లేదు. ఇక తాళలేక దహనబలి తనే అర్పించేశాడు. అది ముగియగానే సమూయేలు వచ్చాడు. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే! తర్వాత, అన్నీ నాశనం చేయమని దేవుడు చెప్పినా, అమాలేకీయుల మంచి గొర్రెల్ని మిగుల్చుకుని, దేవుడికి బలి ఇవ్వడానికే అన్నాడు. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ కవరే కనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను బాబూ, సోమవారం నీకు దేవుడు ధైర్యం ఇస్తాడు, నాకు అనుమానం లేదు. నన్ను భయపెడుతున్నది ఆ పనిలేని కుర్చీ. యోసేపు యజమాని పోతీఫరు ఇంట్లో అతని భార్యకు లొంగకుండా సరైన పనే చేసి చెరసాలకు వెళ్లాడు. తనతోపాటు చెరలో ఉన్న రాజు పానదాయకుల అధిపతి, అంటే రాజుకు ద్రాక్షారసం అందించేవాడు, విడుదలై తనను మరిచిపోయాక ఇంకో రెండేళ్లు అక్కడే ఉన్నాడు. 17 ఏళ్ల కుర్రవాడిగా మొదలుపెట్టి, ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లవాడయ్యాడు. సండే స్కూల్లో ఇదంతా ఒక్క ఆదివారంలో చెప్పేస్తాం. చివర్లో రథం వస్తుందని పిల్లలకు ముందే తెలుసు. యోసేపుకు తెలియదు.

దేవుడు నీకు ఇంతకన్నా మంచి ఉద్యోగం ఇస్తాడని చాలామంది అంటారు. ఇవ్వొచ్చు. నేను మాత్రం ఆయన తరఫున ఆ మాట ఇవ్వను. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీసి చూడు. విశ్వాసంతో కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారు, అదే విశ్వాసంతో కొందరు ఖడ్గంతో చంపబడ్డారు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అయితే, విగ్రహానికి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్న రాజు ముఖం మీదే, దేవుడు రక్షించకపోయినా సరే మొక్కం అని చెప్పారు. ఆ మాట నువ్వు సోమవారానికి ముందే దేవుడితో మాట్లాడుకో. ఏడుపొస్తే ఏడువు. సిలువకు ముందు గెత్సేమనేలో ప్రభువు కూడా ఈ శ్రమల గిన్నె తొలగించమనే అడిగాడు.

ఇంకొక్కటి. దేవుడే తీరుస్తాడు కదా అని అప్పు మాత్రం చేయకు. అది విశ్వాసం అని ఎవరు చెప్పినా వినకు. ఈ నెల నుంచే ఖర్చు తగ్గించు. జీతం ఆగిన మొదటి నెలే నాకు చెప్పు, మూడో నెల దాకా దాచి అప్పుడు చెబితే నాకు చాలా కోపం వస్తుంది. ఉన్నదాంట్లో సర్దుకుందాం, అందులో మొహమాటం ఏమీ లేదు. అలాంటి మంచి మాటలవాడు కాగితం పట్టుకొస్తే ఆ రోజు ఏ జవాబూ చెప్పకు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే ఎత్తుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ