మలేరియా ల్యాబ్‌లో చేరుతున్న మా చెల్లెలి కూతురికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

సోమవారం నుంచి మలేరియా ల్యాబ్‌లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క, పాపం దానికి. "ఆ జబ్బు పిల్లకి అంటుకుంటుందేమో, నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. ఇరవై ఆరేళ్ళు ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి, అదే పారసైట్‌తోనే కాపురం చేసినదాన్ని, నేనెలా వద్దంటాను? ఫ్లాస్క్‌లో పెరిగే మలేరియా గాలిలో రాదు. రక్తంలోకి వెళ్తేనే వస్తుంది. అందుకని కల్చర్, అంటే ఫ్లాస్క్‌లో పెంచే పారసైట్ల దగ్గర సూదులు, పగిలే గాజు వాడకు. వాడేది మనిషి రక్తం కాబట్టి గ్లవ్స్ తప్పవు, హెపటైటిస్-బి టీకాలు పూర్తిగా వేయించుకోకుండా హుడ్, అంటే కల్చర్ పని చేసే శుభ్రమైన గాలి పెట్టె ముందు కూర్చోకు. ఎప్పుడైనా గుచ్చుకుంటే సిగ్గుపడి దాచకు. ఆ నిమిషమే గైడ్‌కి చెప్పు, తర్వాత నాకు చెప్పు, మీ అమ్మకి మాత్రం అంతా సర్దుకున్నాక చెప్పు.

మొదటి మూడు నెలలు మందుల జోలికి పోకు. పారసైట్‌ని బతికించడం రాకుండా చంపడం మొదలుపెడితే, అది నీ మందు వల్ల చచ్చిందో నీ చేతకానితనం వల్ల చచ్చిందో నీకే తెలియదు. బతికించడం చిన్న పనేం కాదు. మలేరియా పారసైట్లలో ఒక రకమైన ఫాల్సిపేరమ్‌ని మనిషి ఒంటి బయట ఆగకుండా పెంచడం 1976 దాకా కుదరలేదు. ఆ ఏడాది న్యూయార్క్‌లో ట్రాగర్, జెన్సన్ చేసి చూపించారు, అదీ ఓ కొవ్వొత్తితో. డిష్‌లు డెసికేటర్ అనే గాలి చొరని గాజు పాత్రలో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత పెడతారు. మంట ఆరిపోగానే వాల్వ్ బిగించేస్తారు. లోపల ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దానికి కావలసిన గాలి అదే. మా ల్యాబ్‌లో గ్యాస్ సిలిండర్ అయిపోయి కొత్తది రానప్పుడల్లా నేను కిరాణా కొట్టులో కొవ్వొత్తులు కొనుక్కొచ్చి నడిపాను. బిల్లు పెడితే ఆఫీసు వాళ్ళు పుట్టినరోజు ఎవరిదని అడిగారు.

రోజూ మీడియా, అంటే పారసైట్లు పెరిగే పోషక ద్రవం, మార్చాలి. నారింజ ఎరుపులో ఉంటే సరే. పసుపుకి తిరిగిందంటే పారసైట్లు మరీ ఎక్కువై ఆమ్లం పేరుకుంది. మబ్బుగా కనిపిస్తే బ్యాక్టీరియా పడింది, దాన్ని ఎలాగైనా కాపాడుకుందామని చూడకు, బ్లీచ్ పోసి పారెయ్. పారసైట్ ఎర్రకణంలో దూరి పిల్లల్ని పెట్టి బయటపడే చక్రం 48 గంటలు, అందులో ఆదివారం లేదు. సంక్రాంతికి ఊరెళ్ళాలనుకుంటే రింగులు, అంటే లేత పారసైట్లు, ఎక్కువగా ఉన్న రోజు చూసి లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి వెళ్ళు. ముదిరినవి ఆ చలికి తట్టుకోవు.

ఇంతకంటే ముఖ్యం స్లైడ్ చదవడం. చుక్క పెట్టి, ఇంకో స్లైడ్‌తో ఒక్క లాగు లాగాలి, చివర నాలుకలా పలచబడాలి. ఆరాక మెథనాల్, ఆ తర్వాత జీమ్సా రంగు. 100ఎక్స్ లెన్స్ కింద ఆయిల్ వేసి చూస్తే లేత పారసైట్ నీలం ఉంగరానికి ఎర్రరాయి పొదిగినట్టు ఉంటుంది. అందుకే రింగ్ అంటారు. కాస్త ఎదిగితే ట్రోఫ్, దాని మధ్యలో బంగారు గోధుమ రంగు నలుసు కనిపిస్తుంది. ఇంకా ముదిరితే సీతాఫలం గింజల్లా ఇరవై దాకా పిల్లలు ఒక కణంలోనే కిక్కిరిసి ఉంటాయి.

ఆ గోధుమ రంగు నలుసుని బాగా గుర్తుపెట్టుకో. పారసైట్ మన హిమోగ్లోబిన్ తింటుంది, అందులోని హీమ్ దానికి విషం. ఆ విషాన్ని స్ఫటికంగా గట్టిపరిచి పక్కన పెట్టుకుంటుంది. క్లోరోక్విన్ అనే మలేరియా మందు చేసేది ఆ గట్టిపడటాన్ని ఆపడమే, అప్పుడు దాని ఎంగిలే దాన్ని చంపుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మలేరియాని మోసేది దోమేనని రోనాల్డ్ రాస్‌కి దారి చూపింది కూడా ఆ నలుసే. దోమ పొట్ట గోడలో అంతకుముందు ఎన్నడూ చూడని కణాలు కనిపించాయి, వాటిలో మలేరియా రోగుల రక్తంలో తాను చూసిన రంగు రేణువులే ఉన్నాయి. ఆ దోమల చేత కుట్టించుకున్న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగికి ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడట. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఒక ఆదివారం వెళ్ళిరా.

సరే, మందుల సంగతి. నీకు 96 గుంటల ప్లేట్ ఇస్తారు, మందు మోతాదు తగ్గించుకుంటూ పోస్తావు, 72 గంటలు ఆగి, డీఎన్‌ఏకి అతుక్కుని మెరిసే సైబర్ గ్రీన్ రంగు వేసి మెషీన్‌లో పెడతావు. ఎర్రరక్త కణానికి డీఎన్‌ఏ లేదు కాబట్టి మెరిసేదంతా పారసైట్‌దే అని లెక్క. అందుకే రక్తంలోంచి తెల్లకణాలు బాగా తీసేయాలి. అంచు గుంటలు ఆవిరై ఎండిపోతాయి, వాటిలో ఉత్త మీడియా పోసి వదిలెయ్. మందు కరిగించే డీఎంఎస్‌ఓ అర శాతం దాటనీయకు. ప్రతి ప్లేట్‌లో సరిచూసుకోవడానికి క్లోరోక్విన్ ఉండాలి. క్లోరోక్విన్‌కి లొంగే 3డీ7 అనే పారసైట్ స్ట్రెయిన్ పెరుగుదలని సగానికి తగ్గించే క్లోరోక్విన్ మోతాదు, అంటే ఐసీ50, 20 నానోమోలార్‌కి అటూ ఇటూ రావాలి. ఎక్కడో వంద చూపిస్తే ఆ ప్లేట్‌లోని మిగతా అంకెలు ఎంత ముద్దుగా ఉన్నా కొట్టెయ్.

ఇది నేను డబ్బు, పరువు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. చేరిన రెండో ఏడు ఒక అడవి చెట్టు కాయల రసం పరీక్షించాను. అంకె చూస్తే కళ్ళు తిరిగాయి, అంత తక్కువ మోతాదుకే పారసైట్ లేదు. మా గైడ్ మిఠాయి తెప్పించారు, మీటింగ్‌లో చెప్పించారు కూడా. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "అమ్మా, గుంటల్లో పైన తేరిన నీళ్ళు ఏ రంగు?" అని ఒక్క మాట అడిగారు. నేను చూడనే లేదు. వెనక్కి వచ్చి చూస్తే ఎర్రగా ఉంది. ట్యూబ్ పట్టుకుని ఊపితే కుంకుడురసంలా నురగ. సాపోనిన్, సబ్బులా నురగొచ్చే పదార్థం! ఎర్రకణాలే పగిలిపోయాయి. ఇల్లు కూలితే అద్దెకున్నవాడు చచ్చాడు, అంతే. పారసైట్లని కణాల్లోంచి బయటికి తీయడానికి మేం రోజూ వాడే సీసా మీదే ఆ పేరు రాసి ఉంది, అయినా తట్టలేదు. అందుకని మెషీన్ అంకె ఇచ్చాక కూడా నాలుగు గుంటల్లోంచి స్లైడ్‌లు చేసి కళ్ళతో చూడు. మందుకి చచ్చిన పారసైట్ ముడుచుకుని నల్ల చుక్కలా కనిపిస్తుంది, చుట్టూ ఎర్రకణం మాత్రం గుండ్రంగా నిలిచి ఉండాలి. ఆ తర్వాత అదే మందుని మనిషి కణాల మీద, హెప్‌జీ2 లాంటివాటి మీద పోసి చూడు. వాటినీ చంపేస్తే అది మందు కాదు, విషం.

దీనికి ఉల్టాది కూడా ఉంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మంచి మందుని ప్లేట్ పనికిరాదని అనవచ్చు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌నే ఉదాహరణకి చూడు. మామూలు మోతాదులో మొదటి చక్రంలో పారసైట్‌కి ఏమీ కాదు, హాయిగా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రెండో చక్రంలో చస్తాయి, ఎందుకంటే వాటికి సరైన ఏపికోప్లాస్ట్, అంటే పారసైట్ బతకడానికి కావలసిన కణంలోని చిన్న భాగం, అందదు. మామూలు పరీక్షలో అది సోమరి మందులా కనిపిస్తుంది, 96 గంటలు ఆగితేనే నిజం తెలుస్తుంది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందుకి లొంగని పారసైట్లు కాంబోడియాలో బయటపడ్డప్పుడూ ఇదే తంటా. రోగిలో ఆలస్యంగా తగ్గుతున్నాయి, ప్లేట్‌లో ఐసీ50 మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. చివరికి మూడు గంటలు నిండని రింగులకి 700 నానోమోలార్ మందు ఆరు గంటలు మాత్రం పెట్టి, కడిగేసి, ఎన్ని బతికాయో లెక్కపెడితే తేడా కనిపించింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడు. ఆయన నడిపిన లెడర్లీ ల్యాబ్ నుంచి 1947లో డీఈసీ అనే బోదకాలు మందు వచ్చింది. బోదకాలు నిర్మూలనకని ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో అది ఇప్పటికీ ఉంటుంది. ఒంట్లో వేస్తే రక్తంలోని పిల్లపురుగులు చకచకా మాయమవుతాయి. అదే మందు గాజు డిష్‌లో పురుగుల మీద పోస్తే వాటికి దాదాపు చీమ కుట్టినట్టయినా ఉండదు. మన ఒంటి రక్షణ వ్యవస్థ తోడైతేనే పని చేస్తుంది. వాళ్ళు ఫైలేరియా సోకిన ఎలుకల్లో పరీక్షించారు కాబట్టి దొరికింది. నీలాగా ప్లేట్‌లో మొదలుపెట్టి ఉంటే మొదటి వారమే చెత్తబుట్టలో పడేది. కాబట్టి నోట్‌బుక్‌లో "పని చేయలేదు" అని రాయకు. ఏ స్టేజ్‌లో వేశావు, ఎన్ని గంటలు ఉంచావు, ఏ స్ట్రెయిన్, ఏ రోజు రక్తం, అన్నీ రాసి "ఈ పద్ధతిలో కనిపించలేదు" అని రాయి. పదేళ్ళ తర్వాత ఎవరో అది తిరగేస్తారు, వాళ్ళు నిన్ను తిట్టుకోకూడదు.

సోమవారం సాయంత్రం నీ మొదటి స్లైడ్ ఫోటో వాట్సాప్‌లో పంపు. జీమ్సా వడకట్టడం మర్చిపోకు, లేకపోతే రంగు నలుసులన్నీ పారసైట్లలాగే కనిపిస్తాయి, కణం మీద కణం లెక్కపెట్టి 12 శాతం కణాల్లో పారసైట్లున్నాయని సంబరపడతావు. నేనూ అలాగే సంబరపడ్డాను.

పెద్దమ్మ