కౌంటర్ మూసినా గడువు ఆగదు

సింధూ,

నీకు షెరిఫ్ ఆఫీసులో, అంటే కౌంటీ పోలీసుల దగ్గర, లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాళ్లు తమ వివరాలు నమోదు చేయించుకునే సెక్స్ అఫెండర్ రిజిస్ట్రేషన్ డెస్క్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం పంచుకోవడానికి చేసిందనుకున్నాను, తీరా చూస్తే ఏడుపు. "ఇన్ని ఉద్యోగాలుంటే దీనికి రోజూ అలాంటివాళ్ల మొహాలు చూసే ఉద్యోగమే దొరికిందా అక్కా" అంటుంది. నీ గురించి నాకు చాలా గర్వంగా ఉందని చెప్పి దాన్ని ఊరుకోబెట్టాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. నా భయం మీ అమ్మ భయం కాదులే. ఆ కౌంటర్‌కి వచ్చేవాళ్లు నిన్నేమీ చెయ్యరు, మధ్యలో అద్దం ఉంటుంది, పిలిస్తే పలికే దూరంలో డెప్యూటీ ఉంటాడు. నా భయమంతా నీకు అప్పజెప్పిన రెండో పని గురించి. మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే డెస్క్ ఎలా నడపాలో ప్లాన్ రాయమని, కొత్తగా చేరినదానివని కూడా చూడకుండా నీ చేతిలో పెట్టారట కదా. 2020లో ఆ సీట్లలో కూర్చున్నవాళ్లం చాలామందిమి రిటైరైపోయాం. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను. ఇంటర్ దాకా గుంటూరులోనే చదివావు కాబట్టి తెలుగులో రాస్తున్నా. ఇంగ్లీషులో మొదలుపెడితే నా చెయ్యి మళ్లీ ఆఫీసు మెమో రాసేస్తుంది.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. మాస్కులు, గ్లోవ్స్, శానిటైజర్ ముందే కొని పెట్టించు. అపాయింట్‌మెంట్లు పావుగంటకి ఒకటి చొప్పున ఇవ్వు. పెన్ను ఎవరిది వాళ్లకే ఇచ్చి పంపెయ్యి, వెనక్కి తీసుకోకు. వేలిముద్రల మెషీన్ ప్రతి మనిషికీ తుడవాలి. ఇవన్నీ ఏ ఆఫీసులోనైనా చేస్తారు, వీటికి పేజీలు పేజీలు రాయకు.

ఫోటో గురించి మాత్రం ఒక్క మాట. మాస్క్ పెట్టుకుని దిగిన ఫోటో రిజిస్ట్రీకి దేనికీ పనికిరాదు, లోపల మాస్క్ తీయించడమూ మంచిది కాదు. పార్కింగ్ లాట్‌లో నీడ ఉన్నచోట గోడకి ఒక తెల్ల షీట్ కట్టించు, ఆరడుగుల దూరంలో నిలబడి, మాస్క్ దించమని, ఫోటో తీసి, పెట్టుకోమని చెప్పు. పది సెకన్ల పని. ఎండకి కళ్లు చికిలించకుండా చూసుకో, ఆ ఫోటో ఏడాదంతా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి.

మీ అమ్మ ఇండియా పద్ధతి మనసులో పెట్టుకుని మాట్లాడుతోంది. అక్కడ 2018 సెప్టెంబర్‌లో మొదలైన జాతీయ డేటాబేస్ పోలీసులు చూసుకోవడానికి మాత్రమే, జనానికి కనబడదు, ఏటేటా వచ్చి సంతకం పెట్టే పనీ లేదు. ఇక్కడ కాలిఫోర్నియాలో 1947 నుంచీ రిజిస్ట్రేషన్ ఉంది, దాని బరువంతా గడువుల మీదే నడుస్తుంది. పుట్టినరోజుకి ఐదు పనిదినాల్లోపు ఏటా రావాలి. ఇల్లు మారితే ఐదు పనిదినాలు. జైలు నుంచి బయటికొస్తే ఐదు పనిదినాలు. ఇల్లే లేనివాళ్లయితే ప్రతి 30 రోజులకీ. ఇవన్నీ నీకు ట్రైనింగులో చెబుతారు. అక్కడ చెప్పనిది ఏంటంటే, గవర్నర్ 2020 మార్చి 19న అందరినీ ఇళ్లలో ఉండమన్నప్పుడు ఈ గడువులు పెట్టిన చట్టం, పీనల్ కోడ్ 290, ఇంట్లో కూర్చోలేదు. హెల్త్ డిపార్ట్‌మెంటు వైరస్ తగిలినవాళ్లతో ఉన్నవాణ్ణి 14 రోజులు గడప దాటొద్దంటుంది, చట్టం ఐదు పనిదినాల్లో కనబడమంటుంది. మధ్యలో నలిగేది కౌంటర్‌కి అవతల నిలబడ్డ మనిషి, ఇవతల కూర్చున్న నువ్వు.

ఆ రోజుల్లో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. కొందరు ఫోన్లో తీసుకున్నారు, కొందరు కిటికీ దగ్గర తీసుకున్నారు, కొందరు ఏమీ మార్చకుండా లోపలికే రమ్మన్నారు. నేను పనిచేసిన చోట ఏం జరిగిందో చెబుతాను, ఊరు పేరు వద్దు.

మార్చి మూడో వారంలో లాబీ మూసేశారు. మూసేటప్పుడు ఒక సార్జెంట్ తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాయించి తలుపుకి టేప్ వేయించాడు. లాబీ మూసి ఉంది, ఫోన్ చెయ్యండి అని, అంతే. రేషన్ షాపు తలుపుకి సరుకు లేదని అంటించినట్టు. తేదీ లేదు, ఎవరి ఆర్డరో లేదు, రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో లేదు. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే రికార్డింగ్ వస్తుంది, రెండు రోజుల్లోనే మెసేజ్‌లు నిండిపోయి అది కూడా ఆగిపోయింది.

ఆ వారంలోనే ఒక ముసలాయన పుట్టినరోజు. డెబ్భై దాటాయి, మొబైల్ హోమ్ పార్కులో ఒక్కడే ఉంటాడు. ఏళ్ల తరబడి ఒక్క గడువూ తప్పలేదు. బస్సెక్కి వచ్చాడు, కాగితం చూశాడు, ఫోన్ చేశాడు, మెసేజ్ పెట్టడానికి లేదు. మర్నాడు మళ్లీ చేశాడు. బస్సు టికెట్ వెనక పెన్సిల్‌తో తేదీ, టైము రాసి పెట్టుకున్నాడు. మే నెలలో కిటికీ తెరిచాం. మధ్యలో ఎవరెవరి పుట్టినరోజులు వెళ్లిపోయాయో లిస్టు తీసి ఫోన్లు చెయ్యమని ఎవరికీ పని చెప్పలేదు, తెరిచాక వచ్చినవాళ్లని తీసుకుంటూ పోవడమే. ఆయన తనని పిలుస్తారని ఇంట్లో ఎదురు చూస్తూ కూర్చున్నాడు. సిస్టమ్‌లో ఆయన పేరు పక్కన ఉల్లంఘన అని పడిపోయింది. ఆ ఏడాది చివర్లో ఎవరి కార్లోనో వెళ్తుంటే ఆపారు, పేరు కొట్టారు, వారంట్. తీసుకెళ్లి జైల్లో పెట్టారు. అప్పటి జైళ్లంటే ఏంటో గుర్తుందా? ఆ వేసవిలోనే శాన్ క్వెంటిన్‌లో 2,000 మందికి పైగా ఖైదీలకి కోవిడ్ వచ్చింది, 28 మంది ఖైదీలూ ఒక ఉద్యోగీ పోయారు. అలాంటి రోజుల్లో డెబ్భై దాటిన మనిషిని, తలుపు మూసి ఉన్నందుకు.

ఆ బస్సు టికెట్టే ఆయన్ని బయటపడేసింది. కావాలనే ఎగ్గొట్టాడని ప్రాసిక్యూటర్ రుజువు చెయ్యాలి కదా, ఆయన తరఫున ప్రభుత్వం ఇచ్చిన లాయరు, పబ్లిక్ డిఫెండర్, ఆ టికెట్ తీసుకెళ్లి చూపిస్తే కేసు వదిలేశారు. ఈలోపు అద్దె కట్టక పార్కులో ఆయన జాగా పోయింది.

ఆయన మీద జాలితో ఇదంతా రాస్తున్నానని అనుకోకు. ఆయన చేసిన నేరం ఫైల్లో చదివాను నేను, చదివిన రోజు అన్నం తినలేకపోయాను. నన్ను ఇప్పటికీ వదలనిది ఇంకొకటి. ఈ రిజిస్ట్రీని జనానికి చూపించే మన రాష్ట్రపు మేగన్స్ లా వెబ్‌సైట్‌లో ఉల్లంఘనలో ఉన్నాడని పడితే లోకమంతా చూస్తుంది. ఆయన్ని ఇంకా అరెస్టు చెయ్యకముందు, ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. పేరు చెప్పలేదు, ముందు ఆయన పేరు చెప్పింది. "వీడు పారిపోయాడా? ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది, ఊపిరి మాత్రం పరిగెత్తుకొచ్చినట్టు వినబడుతోంది. చిన్నప్పుడు ఆయన చేతిలో పాడైన పిల్ల ఆవిడే. ఆ వారమంతా తలుపులకి కుర్చీలు అడ్డం పెట్టుకుని పడుకుందట. ఆయన ఎక్కడికీ పారిపోలేదు, అదే పార్కులో అదే డబ్బా ఇంట్లో ఉన్నాడు. మా రికార్డే తప్పు. ఈ రిజిస్ట్రీ ఎవరికోసం పెట్టారో ఆవిణ్ణే మేం భయపెట్టాం సింధూ, ఒక్క ఫోన్ కాల్ రాసిపెట్టుకోనందుకు.

అందుకని నీ ప్లాన్‌లో మొదటి పేజీ దీనికే ఇవ్వు. తలుపు మూసే నిర్ణయం రాగానే, మూయకముందే, వచ్చే రెండు నెలల్లో పుట్టినరోజులున్నవాళ్ల లిస్టు తీసి చేతిలో పెట్టుకో, వాళ్లు నీ దగ్గరికి రాకముందే నువ్వే ఫోన్ చెయ్యి. నోటీసు మీద తేదీ, ఎవరి ఆదేశమో, రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్లు ఏ నంబర్‌కి ఏ టైములో చెయ్యాలో ఉండాలి. స్పానిష్‌లో కూడా. ఆ నంబర్ మనిషి ఎత్తాలి. వచ్చినవాడు ఎవడైనా సరే, ఫోన్ చేసినవాడు ఎవడైనా సరే, పేరు, తేదీ, టైము, నువ్వేం చెప్పావు, నీ ఇనీషియల్స్, ఒక బౌండు పుస్తకంలో పడాలి. కంప్యూటర్లోనూ ఎక్కించు, కానీ పుస్తకం ఉండాలి, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఎవరి లాగిన్ ఎప్పుడు పనిచేస్తుందో దేవుడికే తెలుసు. వచ్చినవాడి చేతికి స్టాంపు వేసిన చీటీ వెళ్లాలి. ఫోన్లో అయితే పోస్టులో పంపు, కాపీ ఉంచుకో.

ఇంకోటి, దీనికి నేను నిన్ను గట్టిగా కోప్పడాలి, ఎందుకంటే నీ మంచితనం నాకు తెలుసు. "పర్లేదు, అంతా సర్దుకున్నాక రండి" అని నోటిమాటగా ఎవరికీ చెప్పకు. చెప్పాలనిపిస్తుంది, అవతల దగ్గుతున్న మనిషి ఉంటే ఇంకా అనిపిస్తుంది. గడువు పెంచే అధికారం నీకూ లేదు, నీ సార్జెంట్‌కీ లేదు. ఎలా తీసుకోవచ్చో, దేన్ని వాయిదా వెయ్యొచ్చో కౌంటీ లాయర్, కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ, రాష్ట్ర న్యాయశాఖ కాగితం మీద పెట్టాలి, ఆ కాగితం నీ డ్రాయర్‌లో ఉండాలి. ఇప్పుడే అడిగి పెట్టుకో, రోగం వచ్చాక ఎవరూ ఫోన్ ఎత్తరు. ఫెడరల్ చట్టంలో కూడా, తన చేతుల్లో లేని పరిస్థితి వల్ల రాలేకపోయినవాడికి ఒక రక్షణ ఉంది. కానీ ఆ పరిస్థితి తన నిర్లక్ష్యం వల్ల వచ్చి ఉండకూడదు, అది తొలగగానే వచ్చెయ్యాలి. వచ్చాడని, ప్రయత్నించాడని ఎవరు చెబుతారు? నీ పుస్తకమే.

స్వయంగా వస్తేనే రిజిస్ట్రేషన్, లేకపోతే లేదు అని పట్టుబట్టే ఆఫీసర్లు దొరుకుతారు నీకు. 2003లో స్మిత్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు రిజిస్ట్రేషన్ శిక్ష కాదంది కదా, అది అలాస్కా రిజిస్ట్రీ మీద కేసు, ఆ తీర్పులోనే ఎప్పటికప్పుడు వివరాలు తాజా చెయ్యడానికి మనిషి స్వయంగా రావాలని అక్కడి చట్టం అడగట్లేదని కూడా రాసింది. ఊరికే తెలిసి ఉండు, మీటింగులో పనికొస్తుంది.

అలాగని అంతా ఫోన్ మీదే పెట్టెయ్యకు. నిలువ నీడ లేనివాళ్లకి ఫోన్ ఎక్కడిది, ఉన్నా ఛార్జింగ్ ఎక్కడ? వాళ్లు ఛార్జింగ్ పెట్టుకునే లైబ్రరీలు ముందు మూసేశారు. మార్చి చివర లైసెన్సులూ ఐడీ కార్డులూ ఇచ్చే డీఎంవీ ఆఫీసులూ మూశారు, ఐడీ పోతే కొత్తది లేదు. వాళ్ల 30 రోజులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. వాళ్లకోసం బయట ఒక బల్ల, వారానికి కొన్ని గంటలైనా, తప్పకుండా ఉండాలి. 2020 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ రూమ్‌కీ అని రాష్ట్రం ఇళ్లు లేనివాళ్లని హోటల్ గదుల్లో పెట్టింది చూడు, అక్కడ ఇంకో చిక్కు. హోటల్ గది కూడా చట్టం ప్రకారం నివాసమే. గది దొరికిన ఆనందంలో ఉన్నవాడికి, తన అడ్రస్ మారిందని, ఐదు పనిదినాల్లో చెప్పాలని గుర్తుంటుందా? గదులిచ్చే కౌంటీ వాళ్లతో ముందే మాట్లాడి, తాళం చేతికిచ్చేటప్పుడే ఆ మాట చెప్పించు.

ఒకసారి తప్పిందని శిక్ష పడితే అది అక్కడితో పోదు. 2021 జనవరి నుంచి ఇక్కడ ఎవరు ఎన్నేళ్లు రిజిస్టర్ చేయించుకుంటూ ఉండాలో చెప్పే మూడు అంచెల పద్ధతి వచ్చింది, కింది అంచెకి కనీసం 10 ఏళ్లు, మధ్యదానికి 20, పైదానికి జీవితాంతం. గడువు తప్పినందుకు మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం కింద శిక్ష పడితే ఆ కనీస కాలానికి ఒక ఏడాది, ఫెలనీ, అంటే పెద్ద నేరం అయితే మూడేళ్లు కలుస్తాయి. నువ్వు ఒక లైను రాయకపోతే ఎవరి జీవితంలో ఎన్నేళ్లు కదులుతాయో లెక్క చూసుకో.

మన తెలుగు పేర్లు కూడా వస్తాయి ఆ కౌంటర్‌కి. ముందే చెబుతున్నాను, మొదటిసారి చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది. గుడిలో ఎదురుపడ్డవాళ్లు అయ్యుండొచ్చు, వెంట వచ్చిన తల్లి నీ బ్యాడ్జి మీద పేరు చూసి తల దించుకోవచ్చు. ఆవిడకి తెలుగు మాత్రమే వస్తే గడువు సంగతి తెలుగులో నిదానంగా చెప్పు, అంతకు మించి ఒక్క మాట వద్దు, ఏ ఊరని అడగనే అడగకు. ఇంటికొచ్చాక మీ అమ్మకి కూడా చెప్పకు. అది నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నా చెల్లెలే కాబట్టి అంటున్నాను.

నీ ఒంటి సంగతి నేను చివరకి రాస్తున్నానని ముందు చదవకుండా పోకు. ఫైళ్లు చదివిన రాత్రి ఒంటరిగా ఉండకు. ఆ రోజుల్లో నేను ఇంటికి రాగానే బట్టలు గరాజ్‌లో విప్పి స్నానం చేసేదాన్ని, వైరస్ కోసమే అని మీ పెదనాన్నతో అనేదాన్ని, నిజానికి ఆ ఫైళ్ల కోసం కూడా. కౌన్సెలర్‌ని ఇస్తారు మీ ఆఫీసులో, సిగ్గుపడకుండా వెళ్లు. ఎవరినీ అసహ్యించుకోకుండా ఈ పని చెయ్యలేవేమో అనిపించే రోజులుంటాయి, ఆ రోజు సెలవు పెట్టెయ్.

ప్లాన్ మొదటి డ్రాఫ్ట్ అయ్యాక ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే నాకు చూపించు, ఒప్పుకోకపోతే ఆ తలుపు నోటీసులో ఏం రాశావో ఫోన్లో చదివి వినిపించు చాలు. ఆదివారం పొద్దున్న ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ