రోమన్ కంచు నాణెం ఎవరిదో తెలుసుకోవాలంటే ముందు బొరుసు తిప్పండి

మీ నాణెం గోరంత ఉందని, ఒకవైపు రాజు ముఖం అరిగిపోయిందని, రెండోవైపు ఇద్దరు సైనికులు నిలబడి ఉన్నారని రాశారు. నేను ఇంగ్లండ్‌లో ఉండగా నాణేల సంతల్లో శుభ్రం చేయని రోమన్ కంచు నాణేలు గుప్పెడు చొప్పున కొనేవాణ్ణి. వాటిలో ఎక్కువసార్లు తగిలేది ఈ రకమే. ముఖంతో కుస్తీ పట్టకండి. నాలుగో శతాబ్దపు చక్రవర్తుల ముఖాలన్నీ ఒకే అచ్చు, తండ్రికీ కొడుక్కీ తేడా తెలియదు.

సైనికుల చుట్టూ ఉన్న అక్షరాలు ఎడమవైపు కింద మొదలై గడియారం ముల్లులా తిరుగుతాయి: గ్లోరియా ఎక్సర్సిటస్, అంటే సైన్యపు కీర్తి. మాటల మధ్య ఖాళీ ఉండదు. సైనికుల తల అడ్డొస్తే మాటను అక్కడే విరిచేస్తారు. 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది. ఇద్దరి మధ్య జెండా కర్రలు ఎన్నో లెక్కపెట్టండి. రెండుంటే క్రీ.శ. 330 తర్వాత తొలి ఏళ్లది. ఒక్కటే ఉంటే 335 ప్రాంతంలో నాణెం బరువు తగ్గించాక వేసింది. ఆ తగ్గింపు చేతికి కూడా తెలుస్తుంది.

సైనికుల పాదాల కింద గీత, దాని కింద నాణెం ఏ టంకశాలలో వేశారో చెప్పే చిన్న అక్షరాలు ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. టి ఆర్ అని మొదలైతే జర్మనీలోని ట్రియర్, ఎస్ ఐ ఎస్ ఉంటే క్రొయేషియాలోని సిసియా, ఎస్ ఎమ్ ఏ ఎన్ అయితే నేటి టర్కీలోని ఆంటియోక్ టంకశాల. పక్కనున్న మరో అక్షరం ఆ టంకశాలలో ఏ విభాగమో చెబుతుంది.

ఇప్పుడు బొమ్మ వైపు రండి. పేరు మధ్యలో 'ఎన్' ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. చక్రవర్తి కాన్‌స్టాంటినస్ పేరులో మూడు, అతని కొడుకు కాన్‌స్టాంటియస్ పేరులో రెండే. చివర్లో ఏ వి జి ఉంటే అగస్టస్, అంటే చక్రవర్తి. నోబ్ సి ఉంటే సీజర్, అంటే యువరాజు.

అక్షరాలు కనపడకపోతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో మట్టి వరకే తీయండి. నిమ్మకాయ, చింతపండు జోలికి అస్సలు పోవద్దు. నాణెం మీది ఆకుపచ్చ పొర పోతే అక్షరాలూ దాంతోనే పోతాయి. లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా ఫోటో తీస్తే, కంటికి కనపడనివి కూడా చాలా తేలతాయి.

విలువ గురించి టెన్షన్ వద్దు. ఇవి లెక్కలేనన్ని ముద్రించారు, మామూలువి కొన్ని పౌండ్లకే దొరుకుతాయి. పేరు డెల్మేషియస్ అని ఉంటే మాత్రం ఎవరికీ ఇవ్వకండి. 335లో సీజర్ అయిన ఆ యువకుణ్ణి 337లోనే చంపేశారు, అతని పేరున్నవి తక్కువ.