పై అంతస్తు ఇల్లు, ఏసీ లేదు, ఇంట్లో పెద్దాయన: ఎండాకాలం గడిచేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అద్దెకుంటున్నది పై అంతస్తులో, ఏసీ పెట్టించుకునే వీలు లేదు, డెబ్భై దాటిన నాన్నగారు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు, మీదేమో ఎండలో తిరిగే ఉద్యోగం. నీళ్ళు బాగా తాగి, మధ్యాహ్నం నీడపట్టున ఉంటే చాలా, ఇంకేమైనా చేయాలా అని. నాదీ దాదాపు అదే సంసారం. నేను భూమి సర్వే పని చేస్తాను, రోజంతా ఎండలోనే. ఇంట్లో అమ్మ ఉంటుంది. మాదీ పై అంతస్తే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

చాలదండీ. నీళ్ళ గురించి, మధ్యాహ్నం ఎండ గురించి అందరూ చెబుతారు, అవి నిజమే. కానీ మీలాంటి ఇంట్లో ముందు చూడాల్సింది రాత్రిని. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని పట్టి ఉంచి, సాయంత్రం నుంచి మెల్లగా గదిలోకి వదులుతుంది. అమ్మ గదిలో గోడకి చిన్న థర్మామీటరు ఒకటి తగిలించాను. మా ఇంట్లో అన్నిటికంటే వేడిగా ఉండేది మధ్యాహ్నం రెండింటికి కాదు, రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ మధ్య అని అది చూశాకే తెలిసింది. బయట గాలి చల్లబడి అందరూ హమ్మయ్య అనుకునే వేళకి లోపల గది కాగుతూ ఉంటుంది.

రాత్రి ఎందుకు ముఖ్యమంటే, పగలు వేడిని బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం తోడాలి, చెమటకి ఒంట్లో నీరూ ఉప్పూ ఖర్చవుతాయి. ఆ శ్రమ నుంచి తేరుకునే సమయం రాత్రే. రాత్రి కూడా గది చల్లబడకపోతే నిన్నటి అలసట ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి అప్పు మీద వడ్డీలా పేరుకుంటుంది. వడగాలులు మొదలైన రోజు బాగానే ఉన్న పెద్దవాళ్ళు మూడో రోజుకో నాలుగో రోజుకో నీరసించిపోవడం అందుకే. పెద్దవాళ్ళు, పసిపిల్లలు, జబ్బులున్నవాళ్ళు ఉండే గది పగలు 32 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఏసీ లేని పై అంతస్తులో 24 అనేది కలలో మాట. ఆ సలహా రాసినవాళ్ళు మా స్లాబు కింద ఒక్క రాత్రి పడుకుని ఉండరు. అయినా ఎటు వెళ్ళాలో తెలియడానికి ఆ అంకె పనికొస్తుంది.

మరి గదిని ఎలా దించాలి? ముందు ఎండని కిటికీ బయటే ఆపాలి. అద్దం దాటి లోపలికి వచ్చాక పరదా ఎంత మందంగా ఉన్నా ఆ వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. పడమటి కిటికీకి బయటి వైపు షేడ్‌నెట్ గానీ, మందపాటి గుడ్డ గానీ కట్టండి. తర్వాత కిటికీల సంగతి. గాలి రావాలి కదా అని పగలంతా తెరిచి పెడతారు చాలామంది. బయట గాలి లోపలికంటే వేడిగా ఉన్నంతసేపూ మీరు పిలిచి మరీ వేడిని తెచ్చుకుంటున్నట్టే లెక్క. పొద్దున ఎండ ముదరకముందే మూసేయండి, రాత్రి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను బయటికి తిప్పి పెడితే అది లోపలి వేడిగాలిని తోసేస్తుంది, ఎదురు కిటికీ నుంచి చల్లగాలి వస్తుంది. ఇంత చిన్న పనికి గదిలో తేడా బాగానే తెలుస్తుంది.

డాబా మీద వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటు వేయించగలిగితే ఇంకా మంచిది. మా ఓనరు మొదట ముఖం చిట్లించాడు, ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాక విచ్చుకుంది. మంచం పడమటి గోడకి ఆనుకుని ఉంటే జరపండి. వంట పొద్దున్నే ముగించేయండి. వాడని లైట్లు, టీవీ ఆపేయండి, అవన్నీ కొద్దికొద్దిగా గదిని వేడెక్కించేవే.

ఇక ఫ్యాను. ఫ్యాను గదిని చల్లబరచదు, గాలిని కదుపుతుందంతే. మన చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే కదిలే గాలి ఒంటి వేడిని తీసుకుపోతుంది. గాలే అంతకంటే వేడిగా ఉంటే వేడిని తిరిగి మనకే ఇస్తుంది, అప్పుడు కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి ఒంటి నుంచి పోతుంది. ఆరకుండా కారిపోయిన చెమటతో మాత్రం లాభం లేదు, నీళ్ళు పోయినట్టే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్దవాళ్ళకి చెమట తక్కువ పడుతుంది కాబట్టి వాళ్ళ విషయంలో ఇంకా ముందే జాగ్రత్త పడాలి. వాళ్ళ ఒళ్ళు ఇవ్వలేని ఆ తడిని మనమే ఇవ్వాలి. అమ్మకి మోచేతుల నుంచి వేళ్ళ దాకా, మెడ మీద తడిగుడ్డతో తుడిచి ఫ్యాను ముందు కూర్చోబెడతాను. కాళ్ళు బకెట్లో నీళ్ళలో పెట్టుకుంటుంది. ఐసు అక్కర్లేదు, మామూలు కుళాయి నీళ్ళు చాలు. మొదట్లో ఇదేం చోద్యం అంది, ఇప్పుడు బకెట్ ఆలస్యమైతే కేకేస్తుంది.

కూలర్ కొందామా అని మీరు అడగకపోయినా చెబుతాను. పొడి వేడిలో అది అద్భుతంగా పనిచేస్తుంది, ఉక్కపోతలో దాదాపు దండగ. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కూలర్ నీరూ ఆరదు, మన చెమటా ఆరదు. తలుపులన్నీ మూసి కూలర్ వేసుకోవడం మరీ పొరపాటు.

తేమ మాట వచ్చింది కాబట్టి, ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకండి. తేమ ఎక్కువున్న 36, పొడిగా ఉన్న 42 కంటే ప్రమాదం కావచ్చు. వేడినీ తేమనీ కలిపి కొలిచేదాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. అది 35 చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా గంటల కొద్దీ తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తర్వాత అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద పరీక్షిస్తే, తేమ ఎక్కువున్నప్పుడు ఆ హద్దు 30, 31 దగ్గరే వచ్చేసింది. మరి డెబ్భై దాటినవాళ్ళకి అది ఇంకా కిందే ఉంటుంది. ఇంకొకటి, వాతావరణ శాఖ చెప్పే అంకె నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచింది. ఎండలో నిలబడ్డ మీకు తగిలేది అంతకంటే ఎక్కువే.

నాన్నగారి గురించి నా అసలు భయం ఆయన ఇంట్లో ఒక్కరే ఉండటం. 2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో విపరీతమైన ఎండలు వచ్చినప్పుడు వేడి వల్ల 619 మంది పోయారని అక్కడి విచారణలో తేలింది. వాళ్ళలో 98 శాతం మంది పోయింది ఇంటి లోపలే. ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు, సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్ళు. ఎండలోకి వెళ్ళకపోతే చాలు అనేవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను.

పెద్దవాళ్ళకి దాహం సరిగా తెలియదు. "నీళ్ళు కావాలా?" అని అడిగితే మా అమ్మ జవాబు ఎప్పుడూ "వద్దు" అనే. అందుకని అడగడం మానేసి గ్లాసు చేతికిస్తాను. నేను బయటికి వెళ్ళేటప్పుడు సీసాల్లో కొలిచి పెట్టి వెళ్తాను, సాయంత్రానికి ఎంత తగ్గిందో కనబడుతుంది. మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. ఆ ఫోన్‌లో "బాగున్నావా?" అని అడగను. దానికి ఎవరైనా బాగున్నాననే అంటారు. ఏం తిన్నావు, పొద్దున ఎవరొచ్చారు, ఏ మాత్ర వేసుకున్నావు అని ఆలోచించి చెప్పాల్సినవి అడుగుతాను. వేడి తలకెక్కుతున్నప్పుడు ముందు తడబడేది మాటా, జ్ఞాపకమే. జవాబు పొంతన లేకుండా వస్తే పక్కింటివాళ్ళు వెంటనే వెళ్ళి చూస్తారు, తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గరే ఉంచాను. మీరు ఈ ఒక్క ఏర్పాటు రేపే చేసుకోండి, పెయింటూ షేడ్‌నెట్టూ ఆ తర్వాత. దగ్గర్లో ఏసీ ఉన్న చుట్టాల ఇల్లో, లైబ్రరీయో ఉంటే మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆయన్ని అక్కడ కూర్చోబెట్టినా ఒంటికి ఎంతో తెరిపి.

ఇప్పుడు మీ సంగతి. ఎండలో పనికి ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇచ్చి, రోజుకి ఇంకో ఐదో వంతు చొప్పున పెంచాలని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సూత్రం. ఎండదెబ్బకి పనిలో ప్రాణాలు పోయిన సంఘటనల్లో చాలా వరకు మొదటి కొన్ని రోజుల్లోవే. పాతవాళ్ళు కూడా సెలవు మీద వెళ్ళొస్తే ఆ అలవాటు కొంత పోతుంది. సెలవు నుంచి రాగానే, పోయిన పని పూడ్చాలని మొదటి రోజే విరుచుకుపడేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

నీళ్ళు దాహం వేశాక కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. ఒకేసారి సీసా ఎత్తి పట్టడం వద్దు. గంటకి సుమారు 1.4 లీటర్లు దాటకూడదు కూడా, ఒంట్లో సోడియం (ఉప్పులోని ముఖ్య లవణం) పడిపోతే అదో ప్రమాదం. రెండు గంటలకి పైగా చెమటలు కారే పని అయితే ఉప్పు కూడా లోపలికి వెళ్ళాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. కొలవకుండా ఉప్పు ఎక్కువేస్తే మేలుకి బదులు కీడు. బీపీ, షుగరు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఇది కూడా డాక్టరు చెప్పినట్టే. బట్టలు వదులుగా, లేత రంగులో, పొడుగు చేతులవి. పొట్టి చేతులు హాయి అనిపిస్తాయి గానీ సూటిగా ఎండ తగలకుండా ఉండటమే మేలు. ఎండలో నిలిపిన కారులో ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని, ఒక్క నిమిషమైనా వదలొద్దు. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

ప్రమాదం ఎలా కనబడుతుందో ఒకసారి సైట్లో చూశాను. ఫీల్డ్ బుక్ రాసే కుర్రాడు రీడింగులు ఒక గడిలోవి ఇంకో గడిలో వేస్తున్నాడు. అడిగితే విసుక్కున్నాడు, ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు. కాసేపటికి నడక తూలింది. ఒళ్ళంతా చెమట. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అన్నారు పక్కవాళ్ళు. ఒళ్ళు పొడిబారితేనే వడదెబ్బ అనే నమ్మకం చాలామందిలో ఉంది, కష్టపడి పనిచేసేవాళ్ళకి చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. గుర్తు చెమట కాదు, తికమక. అంబులెన్స్‌కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళం నీడలోకి తెచ్చి, చొక్కా, బూట్లు తీసి, తాగడానికి తెచ్చుకున్న క్యాన్ల నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, అట్టలతో విసురుతూనే ఉన్నాం. వాళ్ళు వచ్చేసరికి మన మాటకి జవాబు చెబుతున్నాడు. తర్వాత కోలుకున్నాడు.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, కళ్ళు తిరగడం అయితే పని ఆపి నీడలో కూర్చుని, తడుపుకుని, కొద్దికొద్దిగా తాగితే సాధారణంగా అరగంటలో తేరుకుంటారు. మాట తడబడినా, స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా అది ఎమర్జెన్సీ. లోపలి ఉష్ణోగ్రత 40 దాటి ఉండొచ్చు. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ చేతులు కట్టుకోకూడదు, చల్లబరచడం అక్కడే మొదలు కావాలి. ఐసు దొరికితే మెడకి, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయొద్దు. ఇది జ్వరం కాదు, పారాసెటమాల్ దీన్ని దించలేదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయం మీద భారం.

చివరగా నాన్నగారి మందులు. నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని అలర్జీ మాత్రలు ఒళ్ళు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు. గుండె, కిడ్నీ సమస్య ఉంటే రోజుకి ఎన్ని నీళ్ళన్నదీ డాక్టరే చెప్పాలి, నేను పైన రాసిన లెక్కలు అప్పుడు వర్తించవు. ఎండలు ముదరకముందే చీటీ పట్టుకుని ఒకసారి కలిసి రండి. ఆయన ఇన్సులిన్ వాడుతుంటే ఆ గదిలో బయట పెట్టొద్దు, ఫ్రిజ్‌లో ఉంచండి, కానీ గడ్డకట్టే గదికి దూరంగా.