వేప ఎండిపోతోంది, తురాయి ఒరిగింది: కొట్టించేయాలా?

ఇంటి ముందు వేప కొసల నుంచి ఎండిపోతోందని, షాపు పార్కింగులో తురాయి రోడ్డు వైపు ఒరిగిందని, దీపావళి అయ్యాక రెండూ కొట్టించేయమంటున్నారని రాశారు. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటి చెట్లు, కొంపల్లిలో మా ఆఫీసు ఆవరణలోవి చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. వేపను మాత్రం దయచేసి ముట్టుకోనివ్వకండి.

2021లో తెలంగాణ అంతటా వేపలు ఇలాగే ఎండాయి. ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని, లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ తోడైతే ఇంకా ముదురుతుంది. వానాకాలం తేమలో మొదలై, చలి వచ్చేసరికి కొమ్మల చివరలు కాలినట్టు అయిపోతాయి. చూస్తే చెట్టు చచ్చిపోయిందనే అనుకుంటాం. కాస్త లావుపాటి కొమ్మను గోటితో గీరి చూడండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మా వేప ఎండాకాలం మొదట్లో మళ్లీ నిండుగా చిగురేసింది. ఎండిన కొసల్ని పచ్చి భాగం దాకా తీయించి, ఆ పుల్లలు చెట్టు కింద ఉంచకండి. చిన్న మొక్కకైతే శిలీంధ్రాన్ని చంపే కార్బెండజిమ్ మందు కొట్టవచ్చు. రెండంతస్తుల చెట్టుకు పిచికారీ చేయిస్తే మందు వీధిలో వాళ్లందరి మీదా పడుతుంది, నేనైతే చేయించను.

తురాయి సంగతి వేరు, దాంతో నిజంగానే జాగ్రత్త. మన దగ్గర చాలా చోట్ల పైన చల్క (ఎర్ర ఇసుక) నేల, కాస్త లోతుకే బండ. వేరు కిందికి పోలేక పక్కలకు పాకుతుంది. దానికి తోడు మొదలు చుట్టూ పేవర్ బ్లాకులు, సిమెంటు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచినప్పుడు ముందు పడేవి ఇవే. చెట్టు ఒరిగిన వైపు కాకుండా, దానికి అవతలి వైపు నిలబడి మొదలు చూడండి. మట్టి పైకి లేచినా, నెర్రె ఇచ్చినా వేరు పట్టు తప్పుతోందని అర్థం, దాని కింద బండ్లు పెట్టనివ్వకండి, వెంటనే చెట్ల పని తెలిసినవారిని పిలిపించండి. చిన్నప్పటి నుంచీ వాలుగానే పెరిగి, మట్టి కదలకుండా ఉంటే అంత టెన్షన్ అక్కర్లేదు. మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మేర బ్లాకులు తీయించి మట్టి వదలండి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో ఆదేశించిందీ ఇదే.

కొమ్మలు తగ్గించే పని సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పెట్టుకోండి. గాలులకు ముందే బరువు దిగుతుంది, గాయాలు పొడి వాతావరణంలో ఉంటాయి. తల మొత్తం నరికించకండి. అలా నరికితే మోడు నుంచి గుత్తులుగా లేచే కొమ్మలకు పట్టు ఉండదు, తర్వాత విరిగేవి అవే. లోపలి గుబురు పలచన చేయిస్తే గాలి దూరిపోతుంది. పెద్ద కొమ్మైతే ముందు కింద నుంచి కొంత కోసి, కాస్త అవతలగా పై నుంచి కోయాలి, లేకపోతే బరువుకు బెరడు మాను దాకా చీలిపోతుంది. మిగిలిన మొండిని, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే బెరడు వలయాన్ని వదిలి దాని అంచున తీయాలి. గాయం చుట్టూ కొత్త బెరడు అక్కడి నుంచే మూసుకొస్తుంది. పిలిచిన మనిషి ఈ వలయం సంగతి తెలియకుండా గొడ్డలి పట్టుకొస్తే పంపించేయండి.

మామిడి ఉంటే కత్తిరింపు కాయ కోశాక జూన్, జూలైలో. పెద్ద చెట్టుకు అక్టోబరు నుంచి నీళ్లు ఆపితే పూత బాగా వస్తుంది, పిందె కట్టాక మళ్లీ మొదలుపెట్టండి. ఎండల్లో ఏ చెట్టుకైనా నీళ్లు మాను దగ్గర కాదు, కొమ్మల నీడ అంచున పోయాలి, పీల్చుకునే సన్న వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

తురాయిని చివరికి తీసేయక తప్పదంటే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. మీ స్థలంలో ఉన్న చెట్టైనా సరే.