సుడిదోమా, దాన్ని తినే నల్లా? మందు కొట్టే ముందు చూసుకోండి

ప్రశ్న: రెండెకరాల్లో సాంబ మసూరి వేశాను, పొట్ట దశలో ఉంది. ఆకుముడతకని ఒక ఎకరంలో లామ్డా సైహలోత్రిన్ కొట్టాను. ఇప్పుడు అందులో సుడిదోమ దుబ్బుకు 30 దాకా ఉంది. కొట్టని ఎకరంలో సుడిదోమ పదిలోపే గానీ మొదళ్ళలో పచ్చదోమ బాగా ఉంది. రెండు ఎకరాలకూ కలిపి కొట్టమని షాపులో రెండు మందులు ఇచ్చారు. కొట్టమంటారా?
– మిర్యాలగూడ ప్రాంత రైతు

జవాబు: ఆ రెండు మందులూ కలిపి కొట్టకండి. కొట్టని ఎకరంలో మీరు చూసింది పచ్చదోమ కాదు, మిరిడ్ నల్లి. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమను తినే మిత్రపురుగు అది. పచ్చదోమ ఎక్కువగా ఆకుల మీద ఉంటుంది, కదిలిస్తే ఎగిరి దూకుతుంది. ఈ నల్లి పొడవు 3 మి.మీ. ఉంటుంది. సన్నటి పచ్చని ఒళ్ళు, నల్లని తల, పొడవాటి మీసాలు. దుబ్బు మొదట్లో చకచకా తిరుగుతుంది. కాసేపు కూర్చుని గమనించండి: మీసాలతో ఆకు తొడుగును తడుముతూ పోయి, లోపల సుడిదోమ గుడ్లు తగిలిన చోట ముక్కు గుచ్చి రసం పీల్చేస్తుంది. ఒక్కో నల్లి రోజుకు 7-10 గుడ్లను గానీ 1-5 దోమలను గానీ తింటుంది. రెండు మూడు వారాల్లో ఎదిగి, తనూ వరిలోనే గుడ్లు పెడుతుంది.

లామ్డా కొట్టిన ఎకరంలో ఈ నల్లులు చచ్చాయి. తొడుగు లోపలున్న సుడిదోమ గుడ్లకు మందు తగల్లేదు. వారం పది రోజుల్లో అవి పగిలాయి, పిల్లలను తినేవే లేకుండా పోయాయి. లామ్డా లాంటి పైరెత్రాయిడ్ రకం మందు పడ్డాక సుడిదోమ విజృంభించడం కొత్తేమీ కాదు. అయినా వరికి వాటిని అమ్ముతూనే ఉన్నారు, పైగా రెండేసి కలిపి ఇస్తున్నారు. డబ్బా అమ్మేవాళ్ళు మీ దుబ్బు పాయదీసి చూడలేదు. ఇకనైనా పురుగును చూశాకే మందు కొనండి.

పొట్ట దశ నుంచి దుబ్బుకు 20-25 సుడిదోమలు దాటితేనే మందు అవసరం. కాబట్టి లామ్డా కొట్టిన ఎకరానికి మాత్రమే పైమెట్రోజిన్ 50 డబ్ల్యు.జి. లీటరు నీటికి 0.6 గ్రా. చొప్పున కొట్టండి. ఎకరాకు 120 గ్రా. మందు, 200 లీటర్ల నీరు కావాలి. ముందు నీరు తీసేయండి. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. పాయ తీసి, మొదళ్ళు తడిసేలా కొట్టండి. దోమ వెంటనే రాలదు. పీల్చడం మానేసి, కొన్ని రోజులకు చస్తుంది. మర్నాడే ఇంకో మందు కొట్టకండి.

రెండో ఎకరంలో నీరు తీసి ఆరబెట్టండి, యూరియా ఆపండి. మూడు రోజులకోసారి పొలంలో అక్కడక్కడ 20 దుబ్బులు తట్టి దోమను, నల్లిని విడివిడిగా లెక్కపెట్టండి.