ఫోన్‌లో తొలి వీడియో ఎడిట్ చేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ ఆవకాయ పెడుతుండగా నువ్వు తీసిన వీడియో ముక్కలన్నీ కలిపి, అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు పంపడానికి ఏ యాప్ మంచిదని అడిగావు. ఉచితంగా వాడుకున్నా వీడియో మీద వాటర్‌మార్క్, అంటే యాప్ ముద్ర, పడదు కనుక వీఎన్ అనే యాప్‌తో మొదలుపెట్టు. యాప్ సంగతికి ఇంతకన్నా ప్రాధాన్యం అక్కరలేదు. అయితే, ఎడిటింగ్ పూర్తయి ఫైనల్ వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యేవరకు, అంటే ఒకే ఫైలుగా ఫోన్‌లో సేవ్ అయ్యేవరకు, గ్యాలరీలోని అసలు క్లిప్పులను తొలగించకు; ఇలాంటి యాప్‌లు చాలావరకు వాటిని అక్కడినుంచే తీసుకుంటాయి, అవి పోతే నీ ప్రాజెక్టులో ఖాళీలు మిగులుతాయి. అన్నయ్య టీవీలో చూస్తాడంటున్నావు, నువ్వూ ఫోన్ అడ్డంగా పట్టుకునే తీశావు కనుక ఫ్రేమ్ అడ్డంగా ఉండే 16:9గా ఎంచుకో. రీల్స్ కోసమైతే నిలువుగా ఉండే 9:16 కావాలి.

క్లిప్పులను ముందుగా పని జరిగిన వరుసలో, అంటే ముక్కలు కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు కలపడం, నూనె పోయడం, జాడీకి ఎత్తడం అన్న క్రమంలో టైమ్‌లైన్ మీద, అంటే క్లిప్పులు వరుసగా కనిపించే పట్టీ మీద, పేర్చు. తరువాత ప్లేహెడ్‌ను, అంటే టైమ్‌లైన్ మీది నిలువు గీతను, కావలసిన చోట నిలిపి, క్లిప్పును రెండుగా కోసే స్ప్లిట్ నొక్కి, అక్కరలేని భాగాన్ని తీసెయ్యి. సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు, ఉంటాయి కాబట్టి టైమ్‌లైన్‌ను రెండు వేళ్లతో సాగదీసి చూస్తేనే సరైన చోటు దొరుకుతుంది. చెయ్యి కదులుతుండగా కోస్తే అతుకు కనబడదు: అమ్మమ్మ బేసిన్‌లోంచి గుప్పెడు ముక్కలు పైకి తీస్తున్నప్పుడే ఆ షాట్ ఆపి, ఆ చెయ్యి జాడీ మూతిని చేరుతున్న చోటినుంచి తరువాతిది మొదలుపెడితే, మధ్యలో ఎంత పోయిందో ఎవరికీ తట్టదు. అతుకు అతుకుకూ ఒక ట్రాన్సిషన్, అంటే ఒక షాట్ మరొకదానిలోకి మారే ఎఫెక్ట్, పెట్టాలన్న ఉబలాటం కొత్తవారందరికీ ఉంటుంది, దయచేసి మానుకో.

నన్నడిగితే, బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు గాని, మాట వినబడకపోతే చూడరు. టెంక మీద కత్తి పడే చప్పుడును, అమ్మమ్మ మాటను పాటతో కప్పేయకు. సంగీతం పెట్టి తీరాలనుకుంటే, ఆమె మాట్లాడేచోట దాని వాల్యూమ్ బాగా తగ్గించు. యూట్యూబ్‌లో కూడా పెట్టాలనిపిస్తే సినిమా పాటల జోలికి వెళ్లక, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోంచి తీసుకో, లేకుంటే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. “ఉప్పు తగ్గితే బూజు పడుతుందే” అని ఆమె చెప్పిన క్లిప్పులోంచి ఆడియోను వేరుచేసి, ఆ మాట సాగుతుండగా తెరమీద ఉప్పు కలుపుతున్న చేతులను చూపించి చూడు, ఎడిటింగ్ అంటే ఏమిటో నీకే తెలుస్తుంది.

తెలుగులో పేర్లు వేసేటప్పుడు ఒత్తులు విడిపోతున్నాయేమో చూసుకొని, అవసరమైతే ఫాంట్ మార్చు. ఎక్స్‌పోర్ట్‌కు 1080పి రిజల్యూషన్, సెకనుకు 30 ఫ్రేములు చాలు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంట్‌గా పంపు. అంతకుముందు ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని మొదటినుంచి చివరిదాకా విను.

ఆశీస్సులతో,
మామయ్య